పొద్దున్నే పావుగంట

మా షెడ్డు తాడేపల్లిగూడెం దగ్గర, రోడ్డు వారన ఉంది. ఏలూరు కాలవకి దిగువన డెల్టా, ఎగువన మెట్ట. దిగువ నుంచి ట్రాక్టర్లు బురదతో వస్తాయి, ఎగువ నుంచి దుమ్ముతో వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే ఏడు కొన్నవైనా సరే, విప్పి చూస్తే అరుగుదల వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. డెల్టా బండిలో మొదట దెబ్బతినేది వెనక భాగం: ఇరుసు సీళ్ళు, బ్రేకులు, గేర్‌బాక్సు. మెట్ట బండిలో మొదట అరిగేది ఇంజను: రింగులు, స్లీవులు, వాల్వులు.

ఈ రెండు వైపుల బళ్ళనీ చాలా ఏళ్ళుగా విప్పుతూ బిగిస్తూ ఉన్నాక నాకు ఒక నమ్మకం స్థిరపడింది. నా దగ్గరికి వచ్చే పెద్ద రిపేర్లలో ఎక్కువ భాగం, పొద్దున్నే పావుగంట బండి చూసుకుంటే రానివే. ఆ పావుగంటలో ఏం చూడాలో చాలామంది డ్రైవర్లకి తెలుసు. తెలిసీ ఎందుకు చూడరో చివర్లో చెబుతాను. ముందు బండి సంగతి.

ట్రాక్టరు వయసుని ఏళ్ళలో లెక్కపెట్టరు, గంటల్లో లెక్కపెడతారు. కొత్త బండికి మొదటి సర్వీసు 50 గంటలకి. కొత్త గేర్లూ రింగులూ ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునేటప్పుడు రాలే సన్నటి ఇనుప రజను ఆయిల్లోనే తిరుగుతుంది కాబట్టి, దాన్ని త్వరగా దించెయ్యాలి. ఆ తర్వాత చాలా పాత మోడళ్ళకి ప్రతి 250 గంటలకీ ఇంజన్ ఆయిలూ దాని ఫిల్టరూ మార్చాలి. గేర్‌బాక్సు, హైడ్రాలిక్ ఆయిల్ గడువు సుమారు 1000 గంటలు. కొత్త మోడళ్ళలో కొన్నింటికి గడువు ఎక్కువ ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉంటే అదే ప్రమాణం. పాత బళ్ళలో మీటరు కేబులు తెగి ఆగిపోయి ఉంటుంది. అలాంటివాళ్ళకి నేను డీజిల్ లెక్క చెబుతాను. గంటకి సగటున నాలుగు లీటర్లు తాగే బండి వెయ్యి లీటర్లు తాగిందంటే 250 గంటలు తిరిగినట్టే. బంకు చీటీలు ఒక డబ్బాలో దాచుకుంటే మీటరు లేని లోటు తీరుతుంది.

ఇంజన్ ఆయిల్ చూడాల్సింది పొద్దున్నే, చదునైన చోట, స్టార్టు చేయకముందు. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి కొలత సరిగ్గా తెలుస్తుంది. గేజి కడ్డీ తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే రెండు గీతల మధ్య ఉండాలి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేను రంగు, వాసన, చిక్కదనం కూడా చూడమంటాను. ఆయిల్ నల్లబడిందని కంగారుపడక్కర్లేదు. డీజిల్ మండితే వచ్చే మసిని ఆయిల్ తనలో పట్టి ఉంచుతోందని అర్థం. ఆ మసి ఆయిల్లో ఉంటేనే పిస్టన్ గాడుల్లో పేరుకోకుండా ఉంటుంది. ఆయిల్ తెల్లబడి నురగ కడితే మాత్రం నీళ్ళు చేరాయన్నమాట, హెడ్ గ్యాస్కెట్టో స్లీవు కింది రబ్బరు రింగులో పోయి ఉంటాయి. రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడితే దుమ్మో ఇనుప రజనో ఉంది.

ఒక సార్వా దమ్ముల్లో ఒక కుర్ర డ్రైవరు ఆసామిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మేస్త్రిగారూ, ఆయిల్ పెరుగుతోందండి," అన్నాడు.

ఆసామి విసుక్కున్నాడు. "తగ్గితే బాధ గానీ పెరిగితే ఏంట్రా? చూడండి మేస్త్రిగారూ, పొద్దున్నే దమ్ము ఆపించి మరీ తీసుకొచ్చాడు."

"నేను పొయ్యలేదండి. అయినా రోజురోజుకీ ఎక్కుతోంది. పై గీత దాటేసింది. డీజిల్ వాసన కూడా వస్తోందండి."

కడ్డీ వాసన చూశాను. కుర్రాడు చెప్పింది నిజం. ట్యాంకు నుంచి డీజిల్ లాగి పంపుకి అందించే ఫీడ్ పంపులో రబ్బరు పొర చినిగి, డీజిల్ నేరుగా ఆయిల్ చాంబరులోకి దిగుతోంది. అలా పలచబడిన ఆయిల్ బేరింగుల మధ్య నిలబడలేదు. అదే ఆయిల్‌తో ఆ దమ్ములు పూర్తి చేసి ఉంటే క్రాంకు బేరింగులు కాలిపోయేవి, ఇంజను మొత్తం దించాల్సివచ్చేది. ఫీడ్ పంపు కిట్టు, ఆయిల్, ఫిల్టరుతో పని తేలిపోయింది. మధ్యాహ్నానికి బండి మళ్ళీ చేలో ఉంది. "ఈ కుర్రాడిని వదులుకోకండి" అని ఆసామికి చెప్పాను.

ఆయిల్ మార్చేటప్పుడు బండిని కాసేపు నడిపి వేడి మీద దించాలి. చల్లారితే మసీ రజనూ అడుగున ఉండిపోతాయి. కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకి వేలితో ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, వాషరు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానా వేసి బిగిస్తే వాషరు నలిగి అక్కడే కారడం మొదలవుతుంది. ఆయిల్ పోశాక స్టాప్ నాబు లాగిపట్టి కొద్దిగా సెల్ఫు కొట్టి, ఆయిల్ పైకెక్కాక స్టార్టు చేయాలి. డబ్బా కొనేటప్పుడు దాని మీద అంకెలూ అక్షరాలూ రెండూ చూడాలి. 15డబ్ల్యూ-40 అన్నది చిక్కదనం. సీఎఫ్-4, సీఐ-4 లాంటివి నాణ్యత తరగతి. చిక్కదనం సరిపోయిందని తరగతి చూడకుండా తెచ్చేస్తే ఆ ఆయిల్ మసిని మోయలేదు. నకిలీ ఫిల్టర్ల సంగతి మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే అసలుదీ నకిలీదీ నిలువునా కోసి షెడ్డు గోడకి పక్కపక్కనే కట్టి ఉంచాను. నకిలీదానిలో కాగితం మడతలు పలచగా ఉంటాయి, అంచుల్లో జిగురు ఊడి సందులు కనిపిస్తాయి. ఆయిల్ కాగితంలోంచి వడకట్టుకోకుండా ఆ సందుల్లోంచి దాటిపోతుంది. అది చూసినవాళ్ళకి నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఇక దుమ్ము. కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు తేలిక నేలలు. పొగాకు, మొక్కజొన్న, పామాయిల్ తోటలు. ఎండాకాలం పొడి దుక్కిలో రోటవేటరు వేస్తే డ్రైవరుకి వెనక ఏమీ కనిపించదు. రెండున్నర లీటర్ల ఇంజను 2000 ఆర్‌పీఎం మీద నిమిషానికి దాదాపు 2500 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలిలో ఉన్నది మెత్తటి మట్టే అనిపిస్తుంది గానీ, దానిలోని ఇసుక రేణువు స్లీవుని గీస్తుంది. గీతలు పడ్డ స్లీవు దగ్గర గ్యాసు కిందికి దిగి, బ్రీదరు గొట్టంలోంచి పొగ కొడుతుంది. ఆయిల్ తాగడం మొదలవుతుంది. లాగే బలం తగ్గుతుంది. అప్పుడు నా దగ్గరికి వస్తారు, అప్పటికి బోరు పని తప్పదు.

పాత బళ్ళలో గాలి ఫిల్టరు కింద ఆయిల్ గిన్నె ఉంటుంది. గాలి ఆ ఆయిల్‌కి తగిలి పైకి తిరిగేటప్పుడు బరువైన దుమ్ము ఆయిల్లో దిగిపోతుంది, మిగిలింది తడిసిన తీగ జాలీకి అంటుకుంటుంది. దుమ్ములో పని చేసే రోజుల్లో ఎనిమిది పది గంటలకోసారి ఆ గిన్నె విప్పి చూడాలి. అడుగున మట్టి పేరుకున్నా, ఆయిల్ ముద్దగా మారినా పారబోసి, గిన్నె కడిగి, గీత వరకు కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చి కాలుస్తుంది. ఒక్కోసారి స్టాప్ నాబు లాగినా ఆగకుండా పరిగెడుతుంది. జాలీని డీజిల్‌తో కడిగి, పూర్తిగా కారనిచ్చి బిగించాలి.

కాగితం ఫిల్టరు ఉన్న బళ్ళకి వేరే జాగ్రత్త కావాలి. డ్రైవర్లు దాన్ని టైరుకేసి కొడతారు. అంచు వంగితే ఆ సందులోంచే దుమ్ము పోతుంది. గాలి కొట్టాలంటే లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. తర్వాత లోపల బల్బు పెట్టి చూస్తే ఎక్కడైనా చిల్లి ఉంటే వెలుతురు పడుతుంది. లోపలి చిన్న ఫిల్టరుని కడగకూడదు, దులపకూడదు, గడువుకి మార్చెయ్యాలి. వీటన్నిటికన్నా నేను నమ్మే పరీక్ష ఒకటుంది. ఫిల్టరు దాటాక ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడుస్తాను. వేలికి దుమ్ము అంటిందంటే క్లిప్పు వదులైందో, గొట్టం పగిలిందో, ఫిల్టరు కూర్చోలేదో తేల్చకుండా ఆ బండిని పంపను.

ధవళేశ్వరంలో కాలవలకి నీళ్ళు వదిలాక డెల్టా వైపు పని మొదలవుతుంది. దమ్ము చక్రాలు కట్టిన బండి పొద్దస్తమానం ఇరుసు లోతు బురదలో తిరుగుతుంది. వెనక గేర్‌బాక్సు వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీద ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో ఆపితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదరు శుభ్రంగా ఉంటే బయటి గాలి దానిలోంచి వెళ్ళి సరిపోతుంది. బ్రీదరు బురదతో మూసుకుపోయి ఉంటే సీళ్ళ పక్కనుంచి నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. బొటనవేలంత ఉండే ఆ బ్రీదరుని తుడవకపోవడం వల్ల గేర్‌బాక్సు మొత్తం దించాల్సిన బళ్ళు మా షెడ్డుకి ఏటా వస్తాయి. విప్పేసరికి ఆయిల్ మజ్జిగలా ఉంటుంది, బేరింగులకి తుప్పు మచ్చలు ఉంటాయి.

నీళ్ళు చేరాయో లేదో తెలుసుకోవడానికి రెండు మార్గాలు. రాత్రంతా బండి కదలకుండా ఉంచి, తెల్లారి కింది డ్రైన్ బోల్టు కొద్దిగా వదులు చేస్తే నీళ్ళు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. ఆయిల్‌తో కలిసిపోయి తెల్లబడి ఉంటే, వేడి చేసిన రేకు మీద ఒక చుక్క వేస్తే చిటపటలాడుతుంది. ఈ ఆయిలే చాలా బళ్ళలో గేర్లకీ, హైడ్రాలిక్ లిఫ్టుకీ, ఆయిల్ బ్రేకులకీ కలిపి పని చేస్తుంది. అందుకే దాని బదులు చవకగా దొరికిన గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, లిఫ్టు బద్ధకిస్తుంది. కొన్ని మోడళ్ళకి క్లచ్చి గూడు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ములకి దిగేముందు దానికి ప్లగ్గు బిగించాలి, దమ్ములు అయ్యాక తీసెయ్యాలి. తీయకపోతే లోపల కారిన ఆయిల్ బయటికి రాక క్లచ్చి ప్లేటుకి అంటుతుంది. గ్రీజు కూడా దమ్ముల్లో రోజూ కొట్టాలి. గన్నుతో ఒకటి రెండుసార్లు నొక్కి ఊరుకోకుండా, పాత గ్రీజూ నీళ్ళూ బయటికి వచ్చి కొత్త గ్రీజు అంచున కనిపించేదాకా కొట్టాలి.

డీజిల్ దగ్గర జాగ్రత్త ట్యాంకుతో మొదలుకాదు, డ్రమ్ముతో మొదలవుతుంది. చేపల, రొయ్యల చెరువుల వైపు ప్రతి షెడ్డులోనూ జనరేటరుకనీ ట్రాక్టరుకనీ డ్రమ్ముల్లో డీజిల్ నిలవ పెడతారు. డ్రమ్ము ఆరుబయట నిలువుగా ఉంటే వాన నీళ్ళు మూత చుట్టూ నిలుస్తాయి. పగలు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడుతూ ఆ నీళ్ళని మూత మరలోంచి లోపలికి లాక్కుంటుంది. కప్పు కింద, కొద్దిగా వాలుగా పెట్టాలి. నింపాక ఒక రోజంతా కదపకుండా తేరనివ్వాలి. అడుగు డీజిల్ వాడకూడదు. నీళ్ళూ డీజిలూ కలిసేచోట జిగురు పాచి పెరుగుతుంది, అది ఫిల్టరుని మూసేస్తుంది. ట్యాంకు సాయంత్రం పని దిగగానే నింపెయ్యాలి. ఖాళీ ట్యాంకులో రాత్రి గాలి చల్లబడి గోడలకి చెమ్మ పడుతుంది. తెల్లారి ఆ నీళ్ళన్నీ అడుగున ఉంటాయి. అందుకే స్టార్టు చేయకముందు నీటి గిన్నె కింది స్క్రూ వదిలి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే డీజిల్ పంపులో ప్లంజరుకీ దాని బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ సందులో డీజిల్ పొరకి మాత్రమే చోటుంది. కంటికి కనిపించని ఇసుక రేణువు గీసినా, నీటి చుక్క తుప్పు పట్టించినా పంపు పని అయిపోతుంది. ఫిల్టరు ఖరీదు వందల్లో ఉంటే పంపు బాగు ఖర్చు వేలల్లో ఉంటుంది. రెండు ఫిల్టర్లు వరసగా ఉన్న బళ్ళలో రెండూ ఒకేసారి మార్చొద్దని చెబుతాను. మార్చేటప్పుడు పడిన దుమ్ముని పట్టడానికి ఒకటైనా పాతది ఉండాలి. మార్చాక ఎయిర్ తీయడం ఓపికగా చేయాలి. ఫిల్టరు మీద స్క్రూ వదిలి చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా, తర్వాత పంపు దగ్గర కూడా అలాగే చేయాలి. తొందరపడి సెల్ఫు కొడుతూనే ఉంటే బ్యాటరీ దిగిపోతుంది గానీ ఎయిర్ పోదు.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటితో కామన్ రైల్ ఇంజన్లు మా షెడ్డుకి కూడా చేరాయి. పాత ఇంజెక్టర్లు తెరుచుకునే ఒత్తిడి సుమారు 200 బార్. కామన్ రైల్లో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. పాత అలవాటుకొద్దీ ఇంజను తిరుగుతుండగా పైపు నట్టు వదులు చేయొద్దని వచ్చిన ప్రతి డ్రైవరుకీ చెబుతున్నాను. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూదిపోటంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ ఇంజన్లు డీజిల్లో నీళ్ళని పాతవాటికన్నా తక్కువ ఓర్చుకుంటాయి. కాబట్టి డ్రమ్ము జాగ్రత్త ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి.

రేడియేటరులో బోరు నీళ్ళు పోయొద్దు. భీమవరం, నరసాపురం వైపు చాలాచోట్ల అవి ఉప్పగా ఉంటాయి. లోపల గార కడుతుంది, వేడి బయటికి పోదు. పుస్తకంలో చెప్పిన కూలెంటు మంచి నీళ్ళలో చెప్పిన పాళ్ళలో కలపాలి. కూలెంటు మరుగుని ఆపడానికే అనుకుంటారు గానీ, దానికి ఇంకో పని ఉంది. ఇంజను అదురుకి స్లీవు బయటి గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పేలి, ఇనుముని గుంటలు గుంటలుగా తినేస్తాయి. కూలెంటులో కలిసే మందు ఆ గుంటలు పడకుండా కాపాడుతుంది. నూర్పిళ్ళ రోజుల్లో రేడియేటరు రెక్కల్లో ఊక, గడ్డి దుమ్ము పట్టేస్తాయి. ఫ్యాను వైపు నుంచి ముందుకి గాలి కొట్టి తీయాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయడం ఎంత తొందరున్నా వద్దు.

దించిన ఆయిల్ విషయంలో నాకు చాలా పట్టుదల ఉంది. కొందరు బోదెలో పారబోస్తారు. మా డెల్టాలో చాలా ఊళ్ళు కాలవ నీళ్ళతో నింపిన మంచినీళ్ళ చెరువుల మీదే బతుకుతాయి. బోదెలో పోసింది ఎవరి బిందెలోకో చేరుతుంది. వాడిన ఆయిల్‌ని చట్టం ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చింది. మా షెడ్డులో దాన్ని మూత ఉన్న డ్రమ్ములో నిలవ చేసి, అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇస్తాం. ఇంటి దగ్గర ఆయిల్ మార్చుకునేవాళ్ళని కూడా క్యానులో పట్టి తెచ్చి మా డ్రమ్ములో పొయ్యమంటాను.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకి వస్తాను. ఇవన్నీ తెలిసిన డ్రైవర్లు కూడా ఎందుకు చూడరు? దమ్ములైనా రోటవేటరైనా బాడుగ గంటకో ఎకరానికో ఉంటుంది. ఆసామి మీటరు చూసి లెక్క కడతాడు. డ్రైవరు ఆ లెక్క మీదే కూలీ, బేటా తీసుకుంటాడు. గేజి కడ్డీ చూసిన, నీటి గిన్నె వదిలిన, బ్రీదరు తుడిచిన, గ్రీజు కొట్టిన పావుగంటలో మీటరు తిరగదు. అది ఎవరి లెక్కలోనూ లేదు. చీకటితోనే అవతల చేలో రైతు నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తుంటే, లెక్కలో లేని పని ముందు ఎగిరిపోతుంది. దీన్ని డ్రైవరు నిర్లక్ష్యం అనడం నాకు సమ్మతం కాదు. అందుకే నా షెడ్డుకి వచ్చే ఆసాములకి కొన్ని మాటలు చెబుతున్నాను. ఆ పావుగంటకి విడిగా కూలీ కట్టండి. టూల్ బాక్సులో ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్ని గంటల దగ్గర ఏం చూశాడో, ఏం మార్చారో డ్రైవరు చేతే రాయించండి. సర్వీసు రోజు అతన్ని వేరే పనికి పంపకండి, బండి విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడనివ్వండి. వీలైతే శిక్షణకి పంపండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టరు నడపడం, నిర్వహణ నేర్పుతారు.

కొంతమంది ఆసాములు ఇలా చేయడం మొదలుపెట్టారు. వాళ్ళ బళ్ళు నా దగ్గరికి ఆయిల్‌కీ ఫిల్టర్లకీ వస్తాయి, పంపులకీ గేర్‌బాక్సులకీ రావడం తగ్గింది. నా ఆదాయం కొంత తగ్గినా నాకు సంతోషమే. దమ్ముల మధ్యలో బండి ఆగిపోతే ఆసామికి రిపేరు ఖర్చు, డ్రైవరుకి కూలీ నష్టం, నారు ముదిరిపోతున్న రైతుకి అదును నష్టం. ఈ ముగ్గురి నష్టం ముందు, డ్రైవరుకి రోజూ ఒక పావుగంటకి అదనంగా ఇచ్చే డబ్బు చాలా చిన్నది.